కిటికీ ఎవరిది?

కిటికీకి రెండు ముఖాలుంటాయి. లోపలి ముఖం ఇంట్లోవాళ్ళది. మరి వీధివైపు ముఖం? మన ఊళ్ళల్లో ఈ ప్రశ్న పెద్దగా ఎవరూ వేసుకోరు. పాత టేకు కిటికీ పీకించి అల్యూమినియంది పెట్టించుకుంటే, పక్కింటావిడ మహా అయితే "ఎంతయిందండీ?" అని అడుగుతుంది. ఇంగ్లండులో అలా కాదు. నెలల తరబడి ఉత్తరప్రత్యుత్తరాలు నడుస్తాయి.

లండన్‌లో మా మేనకోడలు కొనుక్కున్న ఇల్లు విక్టోరియా రాణి కాలం నాటిది. దానికి సాష్ కిటికీలు. అవి మన కిటికీ రెక్కల్లా తెరుచుకోవు. పైనొక అద్దాల చట్రం, కిందొకటి; రెండూ వేరువేరు గాడుల్లో పైకీ కిందికీ జరుగుతాయి. పాత రైలుపెట్టెల్లో పైకెత్తే అద్దం గుర్తుందా? అలాంటిదే. కాకపోతే రైల్లో కొక్కెం జారిందంటే వేళ్ళు నలిగేవి, ఇది మాత్రం వదిలినచోట ఆగుతుంది. అటూ ఇటూ గోడలో దాగిన కర్రపెట్టెలుంటాయి. చట్రానికి కట్టిన తాడు గిలక మీదుగా ఆ పెట్టెలోకి దిగి, ఒక పోత ఇనుప దిమ్మను మోస్తుంది. రెండు పక్కల దిమ్మలూ కలిపితే ఇంచుమించు చట్రమంత బరువు. బావి గిలకా, కొట్లో త్రాసూ కలిసి కాపురం చేస్తున్నట్టన్నమాట. చంటిపిల్లని చంకలో వేసుకుని ఒంటిచేత్తో ఎత్తెయ్యొచ్చు.

పైదాన్ని కాస్త దించి కిందిదాన్ని కాస్త ఎత్తితే వేడిగాలి పైనుంచి పోయి చల్లగాలి కిందనుంచి వస్తుంది. పైది మాత్రమే దించారనుకోండి, దారిన పోయేవాళ్ళకి కనబడకుండానే గాలి. ఇది చదివి మీలో కొందరు నవ్వుకునే ఉంటారు. అమ్మమ్మగారింటి నాలుగు రెక్కల కిటికీ ఇందుకే కదా! కింది రెక్కలు మూసి పైవి తెరుచుకునేవాళ్ళు. గాలి కావాలి, పరాయి చూపు వద్దు.

ఇక అందమంటారా, ఏమాటకామాటే చెప్పుకోవాలి, వీధి వీధంతా ఒకే వరసలో ఆ సన్నని చట్రాలు చూస్తుంటే ముచ్చటేస్తుంది. ఆ సన్నదనం వెనక కూడా ఒక భయముంది. 1774లో లండన్ కోసం చేసిన చట్టం, అగ్నిప్రమాదాలకు జడిసి, ఆ కర్రపెట్టెల్ని ఇటుకల వెనక్కి దాచమంది. నిప్పుకి భయపడి చేసినది, చూసేవాళ్ళకి నాజూకైంది.

చలికాలం వచ్చేసరికి ఈ ముచ్చటంతా తీరిపోతుంది. సందుల్లోంచి ఈదురుగాలి. గాలేస్తే చట్రాలు గడగడ. రంగు మీద రంగు పూసీ పూసీ కొన్ని అసలు కదలవు. ఇల్లు వెచ్చబెట్టుకునే ఖర్చు చూస్తే గుండె గుభేలుమంటుంది. ఇవన్నీ తీసేసి జంట అద్దాల ప్లాస్టిక్ కిటికీలు పెట్టించుకుందామని మేనకోడలు అర్జీ పెట్టుకుంది. కుదరదన్నారు. 1967 చట్టంతో అక్కడ కొన్ని పేటల్ని పాత రూపు చెడకుండా కాపాడవలసినవిగా ప్రకటించడం మొదలైంది. వాటిల్లో చాలాచోట్ల వీధివైపు కిటికీ మార్చాలంటే అనుమతి కావాలి.

"అత్తా! ఇల్లు మాది, అప్పు మాది, దగ్గు నా పిల్లది. కిటికీ మాత్రం ఊరిదిట!" అంది ఫోన్లో.

ఆ మాట తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు. వాకిట్లో ముగ్గు మనం చూసుకోడానికి వెయ్యం, వచ్చేపోయేవాళ్ళు చూడ్డానికే వేస్తాం. కాని వెయ్యకపోతే ఎవరూ జరిమానా కట్టమనరు. (అత్తగారి సంగతి వేరు.) మనసారా ఇచ్చే అందం వేరు, పసిదాని దగ్గు మీద వసూలు చేసే అందం వేరు. పేవ్‌మెంటు మీద నిలబడి మెచ్చుకునేవాడు తెల్లవారి అద్దాల మీద చెమ్మ తుడవడు కదా!

అయితే ఇంకో సంగతీ ఉంది. ఆ కర్ర నిదానంగా పెరిగిన చెట్లది, చేవ ఉన్నది. పుచ్చినచోట కోసి కొత్త ముక్క అతకొచ్చు. తాడు తెగితే తాడు, అద్దం పగిలితే అద్దం మార్చొచ్చు. నూరేళ్ళు దాటిన ఆ కిటికీని ఎన్ని కుటుంబాలు రంగులేసి నిలబెట్టాయో! జంట అద్దాల మధ్య మూసిన అంచు పాడై లోపల మసక పట్టిందంటే తుడవడానికి చెయ్యి పోదు, ఆ అద్దాల జత మొత్తం పారెయ్యాల్సిందే. తిరిగి చెయ్యలేనిదాన్ని, మధ్యలో వచ్చిన మనం, మన చలి కోసం పారెయ్యొచ్చా? పారెయ్యకూడదనే నేనంటాను. కాని ఉంచమన్నవాళ్ళు ఆ బరువులో ఓ చెయ్యి వెయ్యాలని కూడా అంటాను.

చివరికి మేనకోడలు ఒక వడ్రంగిని పట్టుకుంది. అతను పాత రంగు గీకి, తాళ్ళు మార్చి, గాడుల్లో కుచ్చులాంటి పట్టీలు కూర్చాడు. గడగడ ఆగింది, గాలి చాలామటుకు ఆగింది. లోపలివైపు మరో పల్చటి అద్దపు చట్రం పెట్టించుకుంటే ఇంకా వెచ్చనట. దానికి ఎవరి అనుమతీ అడగలేదుట. సాయంత్రమయ్యేసరికి మందపాటి తెరలు దించడం ఎలాగూ ఇల్లాలి పనే.

వడ్రంగి బిల్లు చూసి మాత్రం నాకు ఆశ్చర్యమేసింది. 1696లో ఆ దేశంలో కిటికీల లెక్కన పన్ను వేశారు. అది కట్టలేక జనం కిటికీలు ఇటుకలతో పూడ్చుకున్నారు. 1851లో తీసేశారు. ఇప్పుడేమో కొత్త ఇల్లు కడితే వ్యాట్ సున్నా. పాత ఇంటి మరమ్మతుకు మామూలుగా 20 శాతం. కిటికీ కాపాడమన్న ప్రభుత్వమే, కాపాడినందుకు ఆ పిల్ల దగ్గర అయిదో వంతు పుచ్చుకుంది.