పనికొచ్చే కుక్క, పనికిరాని కుక్క

కుక్క తనను మరో కుక్కతో పోల్చుకుంటుందా? పోల్చుకోదనే అనుకుంటాను. ఆ పని దాని తరఫున మనమే చేసిపెడతాం.

లాస్‌పేటలో మా ఆఫీసు వరండాలో మణి అనే కుక్క ఉంది. (పుదుచ్చేరిలో ఏ వీధిలో పిలిచినా ఒక మణి పలుకుతుంది.) ఎవరొచ్చినా తోక ఊపుతుంది, ఎవరినీ ఆపదు, సాంబారన్నం తిని మెట్టు మీద పడుకుంటుంది. 2025లో నాగర్‌కర్నూల్ జిల్లా ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు, మట్టి కింది మృతదేహాలను పసిగట్టే మాయ, మర్ఫీ అనే కుక్కలను కేరళ పోలీసులు తీసుకొచ్చారు. పోటీ పరీక్షలకు చదువుకుంటూ మా దగ్గరికి వచ్చే యానాం కుర్రాడొకడు ఆ వార్త చదివి, మణిని చూసి, “నువ్వూ నేనూ ఒకటేరా, ఇద్దరం దండగే” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మాకు నవ్వు రాలేదు.

బౌద్ధంలో దీని పేరు మానం. ‘నేను ఎక్కువ’ అనుకోవడమే కాదు, ‘నేను సమానం’, ‘నేను తక్కువ’ అనుకోవడమూ మానమే. ఈ మూడోదాన్ని మనం వినయమని పొరబడతాం. తక్కువనుకునేవాడు కూడా రోజంతా తన్ను తాను కొలుచుకుంటూనే ఉంటాడు; ఆ కొలబద్ద ఎవరు చేశారని మాత్రం అడగడు. మన దేశంలో దాన్ని పుట్టుకతోనే చేతికిస్తారు.

అలాగని నేర్పుకు విలువ లేదనడం లేదు. తమవాడి శవమైనా దక్కాలని ఎదురుచూసే ఇంటికి మాయ ముక్కు విలువ తెలుస్తుంది. కానీ ఘనతకు ఇంకో ముఖమూ ఉంది. లైకా మాస్కో వీధికుక్క. 1957 నవంబర్ 3న స్పుత్నిక్-2లో దాన్ని పైకి పంపారు. తిరిగి దించే ఏర్పాటే లేదు. వేడికి కొన్ని గంటల్లోనే చనిపోయిందని 2002లో గానీ బయటికి రాలేదు. ఆ కీర్తి లైకాకు ఏం చేసింది?

న్యాయశాస్త్రం చదివినందుకో ఏమో, నాకు కుక్కుర జాతకం మరీ ఇష్టం. రాజుగారి రథం తోళ్లు వానకు నానితే కోటలోని జాతికుక్కలే కొరికి తిన్నాయి. నింద ఊరకుక్కల మీద పడింది. కనబడినదాన్నల్లా చంపమని ఆజ్ఞ అయింది. వాటి నాయకుడైన బోధిసత్త్వుడు సభకు వెళ్లి వాదిస్తాడు. ఆ వాదన జాగ్రత్తగా చూడండి. ‘మేమూ పనికొస్తాం, కాపలా కాస్తాం’ అని ఒక్క మాట అనడు. తోలు తిన్నదెవరో తేల్చకుండా, కోట కుక్కలను వదిలి మమ్మల్నే చంపడం పక్షపాతం కాదా అని నిలదీస్తాడు. బతికే హక్కును ఉపయోగంతో ముడిపెట్టడానికి ఒప్పుకోలేదన్నమాట. మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా అంతే: మనిషి కాని ఏ ప్రాణి అయినా దాని లెక్కలో జంతువే, పనిచేసేదా కాదా అన్న షరతు ఆ నిర్వచనంలో లేదు.

మజ్జిగలో గడ్డి కలిపి తాగిస్తే కోట కుక్కలు తోలు ముక్కలు కక్కాయి. అప్పుడు రాజు తాను తినే తిండే కుక్కలన్నిటికీ పెట్టించే ఏర్పాటు చేశాడని కథ.