నాలుగవ ఋణము

మనుష్యుడు మూడు ఋణములతో జన్మించునను మాట మనలో చదువు వచ్చినవారును రానివారును ఎఱిగినదే. దేవఋణము యజ్ఞముచేతను, ఋషిఋణము అధ్యయనముచేతను, పితౄణము సంతానముచేతను తీఱునందురు. కాని శతపథ బ్రాహ్మణము ఈ మూటితో నాగక నాలుగవదానిని గూడ లెక్కించినది. అది మనుష్యఋణము. తోడివారికి ఉండ నీడ యిచ్చి, తిన నన్నము పెట్టి దానిని తీర్చవలయునని యందున్నది. ఈ నాలుగవ ఋణము మన వ్యవహారమునుండి యెట్లో జారిపోయినది. పేదవానికి పడిన బాకీనే మనము ముందుగా మఱతుము కాబోలు.

ఋషిఋణమును తీర్చుటకు విశ్వవిద్యాలయములు కలవు. అచట గ్రంథములు చదువబడుచున్నవి, వ్రాయబడుచున్నవి. మంచిదే. కాని ఆ విద్యాలయము నిలిచిన నేల యొకప్పు డెవరి బీడో, ఎవరి చేనో. దాని గోడలు కట్టినవారు కూలివారు. దాని వసతిగృహములలో వంటచేయు స్త్రీలు చుట్టుప్రక్కల పేటలనుండి వచ్చువారు. అగ్గిపెట్టె కొన్న నిరుపేదయు పన్ను కట్టుచునే యున్నాడు. ఆ పన్నులోనిదే యాచార్యుల జీతము. ఇట్టి విద్యాలయము తన గోడ కవతలి జనులకు ఏమి బాకీ పడియున్నది? అది చేయు మేలు దానమా, అప్పు తీర్చుటయా? ఈ రెంటికి నడుమ గల భేదము మాటలలోని భేదము మాత్రమే కాదు. దాత తనకు తోచినప్పు డిచ్చును, తోచనప్పుడు మానును. ఋణస్థునకు ఆ స్వేచ్ఛ లేదు.

ఈ ప్రశ్న మాకు పుస్తకములలో పుట్టినది కాదు. చాల సంవత్సరముల క్రిందట, విద్యార్థులమై యుండగా, మమ్ము కొందఱిని ఒక మెట్టసీమ గ్రామమునకు పంపిరి. ఇంటింటికి తిరిగి, పశువులెన్ని, అప్పెంత, వడ్డీ యెంత, పుట్టిన బిడ్డలెందఱు, మిగిలిన వారెందఱు అని అడిగి వ్రాసికొనవలయును. ఒక ముసలమ్మ వ్రేళ్ళు మడిచి లెక్కపెట్టి, "ఏడుగురు పుట్టారు బాబూ, ముగ్గురు మిగిలారు" అనెను. పిదప మా కాగితము వంక చూచి, "ఇవన్నీ రాసుకుంటే ఏమవుద్ది నాయనా?" అని యడిగెను. "ప్రభుత్వానికి తెలుస్తుందమ్మా, మీ ఊరికి మంచినీళ్ళు వస్తాయి" అంటిమి. అట్లు వచ్చునని మాకు తెలియదు. చెప్పుట సులభము గనుక చెప్పితిమి. మూడవ దినమున తిరిగి వచ్చితిమి. మా వ్యాసములకు మంచి మార్కులే వచ్చినవి, పట్టములు వచ్చినవి. మరల నా యూరికి ఎవరమును పోలేదు. ఆమె చనిపోయిన నలుగురు బిడ్డల లెక్కతో మేము పట్టభద్రుల మైతిమన్న మాట చాలకాలమునకు గాని మాకు తట్టలేదు.

ఇట్లు కాని పద్ధతి యొకటి మన దేశముననే జరిగియున్నది. 1922వ సంవత్సరము ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరుగారు శాంతినికేతనమునకు సమీపమున గల సురుల్ గ్రామమునందు గ్రామపునర్నిర్మాణ సంస్థ నొకదానిని నెలకొల్పిరి. అదియే తరువాత శ్రీనికేతనమైనది. దానిని నడపుటకు వచ్చినవాడు లెనర్డ్ ఎల్మ్‌హర్స్ట్ అను ఆంగ్లేయుడు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున వ్యవసాయశాస్త్రము చదివినవాడు. ఠాకూరుగారి కుమారుడు రథీంద్రనాథుడును ఇల్లినాయ్‌లో ఆ శాస్త్రమునే చదివెను. కవిగారి తనయుని బారిష్టరు చదువునకు గాక దుక్కిశాస్త్రమునకు పంపుట ఆనాటి భద్రలోకమునకు వింతగానే తోచియుండును.

సురుల్‌లో తొలిపాఠము కవిత్వము కాదు, ఎరువు కాదు, మలము. విద్యార్థులు తమ మలమును తామే తీసి, కందకములలో పూడ్చి, ఆ నేలలో కూరలు పండింపవలసి వచ్చెను. తాను చేయనిదానిని ఊరివారికి బోధింపగూడదని యెల్మ్‌హర్స్ట్ తానే ముందు బకెట్టు పట్టెను. శాస్త్రములు కంఠస్థము చేసిన మన బ్రాహ్మణ్యము వేల యేండ్లుగా నింకొకని నెత్తిన పెట్టిన పని యది. దీనికి మించిన సంఘసంస్కారోపన్యాసము వేదికలపైని మేము వినలేదు.

గ్రామములకు పోయినపుడు మొదట వారికి ఎదురైనది అపనమ్మకము. పట్టణపు బట్టలతో వచ్చిన వారు పన్నులకో, వోట్లకో, మతమునకో వచ్చియుందురని గ్రామస్థుడు తలచుటలో తప్పేమున్నది? కాళీమోహన ఘోషు వంటివారు ఆ యూళ్ళలో తిరిగి, జనుల మాట వినుటయే పనిగా పెట్టుకొనిరి. మలేరియా ఆ సీమను తినివేయుచుండెను. మందు పంచి వచ్చుట సులభము. వారట్లు చేయక, ఊరి పిల్లలను వ్రతీబాలకు లను పేర దళములుగా కూర్చి, నీటి గుంటలు పూడ్చుట, ఇండ్లంటుకొన్నపుడు మంట లార్పుట నేర్పిరి. కుటుంబములు చందా వేసికొని వైద్యుని పోషించు సహకార ఆరోగ్య సంఘములు పుట్టినవి. చందా కట్టినవాడు వైద్యుని రాలేదేమని యడుగగలడు. ధర్మాసుపత్రి మెట్లపై నిలిచినవాడు అడుగలేడు. అంతయు సఫలమైనదని మేము చెప్పము. ఆ యూళ్ళ దారిద్ర్యము దీనితో పోలేదు. కాని పోయినవారు అచ్చటనే యుండిరి.

అమెరికా వారు ఈ పనికి చట్టమే చేసిరి. 1862లో, అంతర్యుద్ధము జరుగుచుండగా, లింకను సంతకము చేసిన మారిల్ చట్టము ప్రకారము, కాంగ్రెసు సభ్యు డొక్కొకనికి 30,000 ఎకరముల చొప్పున ఆయా రాష్ట్రములకు భూమి యిచ్చి, వ్యవసాయమును చేతిపనులను నేర్పు కళాశాలలు పెట్టించిరి. 1914లో స్మిత్-లీవర్ చట్టముచేత ఆ కళాశాలల విద్యను రైతు కొట్టమువఱకు కొనిపోవు వ్యవస్థ యేర్పడినది. మన రాజేంద్రనగరమున 1964లో వెలసిన వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు తోడ్పడిన కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమును ఈ మారిల్ భూమి పుట్టించినదే. ఇది యంతయు కీర్తింపదగినదే. కాని ఆ భూమి యెవరిది? 2020లో ప్రకటితమైన యొక పరిశోధన ఆ లెక్క తీసినది: సుమారు 1 కోటి 7 లక్షల ఎకరములు, దాదాపు 250 ఆదివాసి జాతులనుండి కొన్నది, లాగికొన్నది. ప్రజల విశ్వవిద్యాలయమని పేరొందిన దానికి పునాది యొక ప్రజ ముంపు. ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము చుట్టు 1960ల దశకమున పేట పునర్నిర్మాణమను పేర నల్లజాతివారు నివసించు బ్లాక్ బాటమ్‌ను పడగొట్టి వేలమందిని వెడలగొట్టిరి. ఆ విశ్వవిద్యాలయమే 1992లో ఇరుగుపొరుగుతో భాగస్వామ్యమునకై యొక కేంద్రమును నెలకొల్పినది. ఆ కేంద్రము బడులలో మంచి పని చేయుచున్నదనుట మేమెఱుగుదుము. ఇల్లు పోయినవానికి అది ఎట్లు కనబడునో గూడ ఆలోచింపవలదా?

మన సంగతి వేఱు రీతిది. ఆంధ్రదేశమున జనులే ముందు కదలిరి, విశ్వవిద్యాలయము వెనుక వచ్చినది. 1906లో విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రములను తెలుగున ప్రకటింప మొదలిడెను. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడెను. 1935లో కాలువ పడవలో గ్రంథాలయము నడచి పుస్తకములు రేవురేవునకు పోయినవి. ఆంధ్ర విశ్వవిద్యాలయము పుట్టినది 1926లో. హైదరాబాదులో 1918లో ఉస్మానియా, ఆంగ్లమును కాదని యొక దేశభాషను బోధనభాషగా చేసి సాహసించినది; అయితే ఆ భాష ఉర్దూ, ఆ సంస్థానమున అన్నిటికంటె నెక్కువమంది మాతృభాష తెలుగు. పాఠము దేశీయమైనను పొరుగువానికి తెలియని దైనది. నేడు తెలుగునాటి పరిశోధనలలో ఎన్ని తెలుగున వ్రాయబడుచున్నవో చూచిన, ఆనాటివారిని నిందించుటకు మనకు నోరు రాదు.

1969లో 37 విశ్వవిద్యాలయములతో మొదలైన జాతీయ సేవా పథకము నేడు దేశమంతట కలదు. విద్యార్థులు ఏడు దినములు గ్రామమున నుందురు. వారి సద్బుద్ధిని మేము శంకింపము. ఎనిమిదవ దినమున ఆ యూరి వీథి నెవరు ఊడ్చుచున్నారో యని మాత్రము అడుగుదుము.

ఇంతలో ఒక పండితుడు మాకడ్డు తగులును: "విద్యాలయమునకు సత్యాన్వేషణయే ధర్మము. శాసనములు చదువువానిని చెఱువు పూడిక తీయ బొమ్మనిన, శాసనమును చెడును, చెఱువును చెడును." ఇది త్రోసివేయదగిన మాట కాదు. ప్రతి యాచార్యుడును గ్రామసేవకుడు కానక్కఱలేదు. ఆ శాసనము చెఱువు త్రవ్వించినవానిదే యయిన, అందేమున్నదో ఆ చెఱువు క్రింది రైతునకు తెలుగున చెప్పిన చాలును. మా యభ్యంతర మంతకంటె చిన్నది. మనుష్యులనుండి తీసికొన్న విషయము మనుష్యులకు తిరిగి చెప్పబడవలయును. వారు చెప్పమనినపుడు వ్రాయుట యెట్లో, చెప్పము పొండనినపుడు లేచిపోవుటయు నట్లే నేర్వవలయును. కాదను హక్కు లేనివానితో కూడినది పొత్తు కాదు.

ఆనాటి కాగితములు మాలో నొకరి పెట్టెలో నేటికిని ఉన్నవి. అంచులు పసుపెక్కినవి గాని సిరా చెదరలేదు. ఆ ముసలమ్మ యిప్పుడుండదు. మిగిలిన ముగ్గురిలో నెవరైన నుండవచ్చును. రానున్న సంక్రాంతికి, వలసపోయినవారు ఊరు చేరు దినములలో, వానిని తీసికొని పోవుదమని యనుకొనుచున్నాము. మంచినీళ్ళు వచ్చినవో లేదో మొదట చూడవలయును. గుమ్మముకడనే నిలిపి పంపివేసిన, తిరిగి వచ్చెదము.