లోతు చూశారా?



క్రిస్మస్, కొత్త సంవత్సరపు ఆరాధనలు ముగిసిన తరువాత మన సంఘాలలో చాలా చోట్ల ఒకరోజు విహారయాత్ర పెట్టుకోవడం వాడుక. ఎక్కువగా నీటి వైపే వెళతాము. బరంపురం వారికి చిలికా ఉంది, యానాం వారికి గోదావరి ఉంది, ముంబాయి వారికి ఎలిఫెంటా దీవి ఉంది. ఉదయం లాంచీ ఎక్కి, కొండలూ తీరాలూ చూసుకుంటూ, మధ్యలో ఒకటి రెండు చోట్ల స్నానాలకు ఆగి, సాయంత్రానికి ఒడ్డు చేరడం. ఇలాంటి యాత్ర మంచిదా కాదా అన్నది నా ప్రశ్న కాదు. మంచిదే. ఏడాది పొడుగునా పనిలో నలిగిన వారు ఒకరోజు కుటుంబంతో నీటి మీద గడిపితే తప్పు పట్టవలసినది ఏమీ లేదు.

నా ప్రశ్న వేరు. ఒక మనిషి చేయకూడని పని చేశాడు, కాని ఎవరికీ ఏ హానీ జరగలేదు. అప్పుడు ఆ పని తప్పు కాకుండా పోతుందా? ఈ ప్రశ్న నాకు పుస్తకాలలో దొరికింది కాదు. గోదావరి నడుమ ఒక ఇసుక తిన్నె మీద ఎదురైంది.

మాది ఒడిశాలోని బరంపురం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం ప్రాంతంతో పాటు మా ఊరూ అందులో చేరింది. మా పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లోనూ గుడిలోనూ తెలుగు మాట్లాడతారు. గోదావరి అంటే వారికి పాటలో విన్న పేరే గాని కంటితో చూసినది కాదు. అందుచేత 2017 జనవరి నెలాఖరులో, పెద్దలూ పిల్లలూ కలిసి ముప్పై ఎనిమిది మందిమి రాత్రి రైలెక్కి రాజమండ్రిలో దిగాము. అక్కడి నుండి బస్సులో పురుషోత్తపట్నం రేవుకు వెళ్ళి, పాపికొండలు చూపించే లాంచీ ఎక్కాము. సంఘ పెద్దగానూ, ఉపాధ్యాయుడిగానూ నన్నే యాత్రకు బాధ్యుడిగా ఉంచారు. ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పినట్టే, ఎక్కేటప్పుడు ఒకసారి, ఆగిన ప్రతి చోటా ఒకసారి తలలు లెక్క పెట్టాను. నేను జాగ్రత్తపరుడినని నాకు గట్టి నమ్మకం.

ఎక్కగానే అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చారు. పది గంటలకు ఎండెక్కింది. ఒకరు విప్పితే చూసి మరొకరు విప్పారు. పలహారాల వేళకు జాకెట్లన్నీ కుర్చీల కింద చేరాయి, కొందరు తలకింద దిండుగా పెట్టుకున్నారు. నాది నేనే విప్పాను. రాజమండ్రి దగ్గర అవతలి ఒడ్డు కనీకనిపించనంత వెడల్పుగా ఉండే నది, పైకి పోయేకొద్దీ రెండు కొండల మధ్య ఇరుకుగా మారుతుంది. ఆ మలుపులో పిల్లలు కేరింతలు కొట్టారు. మా సంఘంలోని ఒక వృద్ధురాలు ఏమీ మాట్లాడకుండా కళ్ళు తుడుచుకుంది. ఆమె తల్లి పుట్టిల్లు ఆ నది ఒడ్డునే.

పేరంటాలపల్లి చూసి తిరిగి వస్తుండగా, స్నానాలకని ఒక ఇసుక తిన్నె దగ్గర లాంచీ ఆపారు. కళాసీ ఒకడు, "నడుంలోతే సార్, భయం లేదు" అన్నాడు. యౌవనస్థులందరూ దిగారు. తొమ్మిదవ తరగతి చదువుతున్న అబ్బాయి ఒకడు మాత్రం మోకాలి లోతులో నిలబడిపోయాడు. వాడికి ఈత రాదు. స్నేహితులు నవ్వుతున్నారు. నేను ఒడ్డున కూర్చుని అరటిపండు తింటూ, "దిగరా, ఇంత పిరికితనం ఏమిటి? దేవుడున్నాడు" అన్నాను. నా మాట విని వాడు దిగాడు.

నాలుగు అడుగులు వేశాడేమో, కనిపించలేదు. నది ప్రవాహం ఇసుక తిన్నె అంచును లోపలి నుండి కోస్తూ ఉంటుంది. పైకి చదునుగా కనిపించే నేల, ఒక్క అడుగు తేడాలో నిలువు లోతుగా మారిపోతుంది. కాలి కింది ఇసుక కూడా జారుతుంది. మునిగేవాడు కేకలు వేస్తాడని మనం అనుకుంటాము. వాడు వేయలేదు. ఊపిరి కోసమే పెనుగులాడేవానికి అరవడానికి ఊపిరి ఉండదు. వాడు తేలి మునుగుతున్నా చుట్టూ ఉన్నవారు ఆటే అనుకున్నారు. లాంచీ మీద అంట్లు తోముతున్న వంటమనిషి చూసి, ఉన్నపళంగా దూకి, జుట్టు పట్టుకుని లాగాడు. అంతా ఒక నిమిషంలో అయిపోయింది. కక్కిన తరువాత వాడు లేచి కూర్చున్నాడు.

తిరుగు ప్రయాణంలో వాడు దుప్పటి కప్పుకుని నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపటి తరువాత, కోపం ఏమీ లేకుండా, పాఠంలో సందేహం అడిగినట్టుగా అడిగాడు: "మాస్టారూ, మీరు లోతు చూశారా?"

నేను చూడలేదు. అప్పుడు ఆ మాట పైకి అనలేకపోయాను. "దేవుడు కాపాడాడు కదా నాయనా" అన్నాను.

తరువాతి ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాను. నది నుండి దేవుడు మా బిడ్డను ఎలా లేవనెత్తాడో చెప్పాను. సంఘమంతా స్తోత్రం చెప్పింది, కృతజ్ఞతార్పణ ఇచ్చారు. చెప్పినదంతా నిజమే. కాని వాడిని నీటిలోకి పంపిన మాట ఎవరిదో నా సాక్ష్యంలో లేదు. వాడు మూడవ వరుసలో కూర్చుని విన్నాడు.

రెండేళ్ళు గడిచాయి. 2019 సెప్టెంబరు 15న, వరద మీదున్న అదే గోదావరిలో, దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పాపికొండలకు వెళుతున్న విహార లాంచీ మునిగిపోయింది. అందులో డెబ్బై మందికి పైగా ఉన్నారు. ప్రాణాలతో బయటపడినవారు 26 మంది. దగ్గరి పల్లెలలోని గిరిజనులు తమ పడవలు వేసుకుని వచ్చి వారిని రక్షించారు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఆ లాంచీని అక్టోబరు 22న గాని బయటకు తీయలేకపోయింది. కుటుంబాలకు కుటుంబాలే పోయాయి.

ఆ వార్త చదువుతున్నప్పుడు నాకు మొదట కలిగినది జాలి కాదు, సిగ్గు. వారు మాకంటే అజాగ్రత్తపరులని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. మేమూ జాకెట్లు విప్పాము. మేమూ ఎవరో చెప్పిన మాట విని సరే అన్నాము. మేము వెళ్ళింది వరద లేని జనవరిలో. వంటమనిషి ఆ క్షణంలో తల ఎత్తి చూశాడు. మా ఇంటికీ ఏడుపు ఇంటికీ మధ్య ఉన్న తేడా అంతే. దానిలో నా మంచితనం పాలు ఏమీ లేదు.

ఇక నా ప్రశ్నకు వస్తాను. ఆ అబ్బాయి చనిపోయి ఉంటే లోకం నన్ను దోషి అనేది, నేనూ అనుకునేవాడిని. వాడు బ్రతికాడు గనుక ఎవరూ ఏమీ అనలేదు. అయితే నేను అన్న మాట రెండు విధాలా ఒక్కటే. ఆ మాట అన్నప్పుడు నా నోట్లో అరటిపండు ఉంది, నా మనస్సులో లోతు సంగతే లేదు. వంటమనిషి చూశాడా లేదా అన్నదానిని బట్టి నా తప్పు పుట్టడమో పుట్టకపోవడమో జరుగుతుందా? అలా అయితే నా దోషం నా చేతిలో లేదు, అతని కంటిచూపులో ఉందన్నమాట. ఇది న్యాయంగా తోచదు.

దీనికి నాకు జవాబు దొరికిన చోటు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు మేడ చుట్టూ పిట్టగోడ కట్టాలని అక్కడ ఒక విధి ఉంది. ఎవరైనా జారిపడితే ఆ రక్తదోషం ఇంటి మీదికి రాకూడదని కారణం కూడా చెప్పబడింది. గమనించండి, ఎవరో ఒకరు పడిన తరువాత కట్టమని కాదు, ఇల్లు కట్టినప్పుడే కట్టాలి. పిట్టగోడ లేని మేడ మీదికి అతిథులను పిలిచినవాడు, ఆ రోజు ఎవరూ పడకపోయినా, తన విధి తప్పినవాడే. పడటం వల్ల దుఃఖం పెరుగుతుంది, నష్టం పెరుగుతుంది, దానికి జవాబు చెప్పవలసిన భారమూ పెరుగుతుంది. కాని తప్పు అంతకు ముందే జరిగిపోయింది.

కొందరు సహోదరులు ఇలా అంటారు: "ప్రాణం దేవుని చేతిలో ఉంది. ఇంతగా లెక్కలు చూస్తే ఇల్లు కదలలేము." దీనిలో కొంత నిజం ఉంది. అపాయం బొత్తిగా లేని ప్రయాణం ఎక్కడా లేదు. తన అపాయాన్ని తెలిసి తానే ఎంచుకున్నవాడిని నేను తప్పు పట్టను. ఈత వచ్చినవాడు లోతు తెలుసుకుని నదికి అడ్డంగా ఈదితే అది అతని ధైర్యం. కాని నేను ఆ రోజు ఖర్చు పెట్టినది నా ధైర్యం కాదు, ఇంకొకరి బిడ్డ ప్రాణం. దేవుని పేరు పలికినది కూడా విశ్వాసం వల్ల కాదు. లేచి వెళ్ళి లోతు చూడటానికి బద్ధకించి, చూసే పని దేవునికి అప్పగించాను.

"వాడు ఇష్టపడే దిగాడు కదా" అన్నవారూ ఉన్నారు. ఇష్టమంటే ఏమిటి? పదిమంది నవ్వుతుండగా, గురువు పిరికివాడా అని పిలిచిన తరువాత, పద్నాలుగేళ్ళ పిల్లవాడు వేసిన అడుగును ఇష్టమని ఎలా అంటాము? కాదనడానికి వీలు లేని చోట అవుననడానికి విలువ లేదు. గుంపుగా వెళ్ళే యాత్రలలో ఇదే పెద్ద చిక్కు. డబ్బు కట్టాము, ఇంత దూరం వచ్చాము, అందరూ సంతోషంగా ఉన్నారు, నేనొక్కడినే వద్దని ఎలా చెప్పను అని ప్రతివాడూ లోపల అనుకుంటాడు. అందరూ అలా అనుకుంటూనే లాంచీ కదులుతుంది. ఆ రోజు ఆ తిన్నె మీద నీటి సంగతి సరిగా పసిగట్టినవాడు ఆ పిల్లవాడు ఒక్కడే. వాడి భయమే సరైన తెలివి. దానిని నేను పిరికితనమని పేరు పెట్టి తీసేశాను.

2024 జనవరి 18న వడోదరలోని హర్ణి చెరువులో, విహారయాత్రకు వెళ్ళిన బడిపిల్లల పడవ తిరగబడి 12 మంది విద్యార్థులు, 2 ఉపాధ్యాయులు చనిపోయారు. ఉపాధ్యాయ వృత్తిలో ముప్పై ఏళ్ళకు పైగా గడిపిన నేను ఆ సంఖ్యను దాటి ముందుకు చదవలేకపోయాను. ఆ ఉదయం వారు కూడా తలలు లెక్క పెట్టే ఉంటారు.

ఆ తరువాతి నెలలో మా సంఘం వారు రంభ నుండి చిలికాలోకి ఒకరోజు యాత్ర పెట్టారు. మళ్ళీ నన్నే బాధ్యుడిగా ఉండమన్నారు. నేను వద్దనలేదు, కాని ముందే నాలుగు మాటలు చెప్పాను. పడవలో ఎంతమంది పడతారో పడవవాడిని అడిగి, అంతకు ఒక్కరు మించినా రెండవ పడవ తీసుకోవాలి. జాకెట్టు తాళ్ళు కట్టుకున్న తరువాతే పడవ కదలాలి, ఒడ్డుకు చేరేదాకా విప్పకూడదు. స్నానానికి ఆగితే పెద్దలు గెడ పట్టుకుని ముందు దిగి, అడుగడుగునా లోతు చూసి, ఎంతవరకు వెళ్ళవచ్చునో తాడు కట్టాలి. దిగనన్నవారిని ఎవరూ ఏమీ అనకూడదు.

చిలికా చాలా మేరకు లోతులేని సరస్సు గనుక కొందరు నన్ను చూసి నవ్వారు. గెడ వేసి చూస్తే నడుంలోతే. అయినా తాడు కట్టించాను. ఒక అమ్మాయి దిగనంది. ఆమె పక్కన ఒడ్డునే కూర్చున్నాను. ఇద్దరం పక్షులను లెక్క పెట్టాము. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. ఆ జాగ్రత్తలు లేకపోయినా బహుశా ఏమీ అయ్యేది కాదు. అందువల్ల ఆ తాడు వ్యర్థమని నేను అనుకోను.

ఆ అబ్బాయి ఇప్పుడు చదువు ముగించి ఉద్యోగంలో ఉన్నాడు. ఇది రాసే ముందు అతనికి ఉత్తరం రాసి అనుమతి అడిగాను, క్షమాపణ కూడా అడిగాను. రాయండి మాస్టారూ అన్నాడు. క్షమాపణ సంగతి ఏమీ ఎత్తలేదు. అడగవలసిన రోజున అడగనివానికి జవాబు ఆలస్యమైతే నొచ్చుకునే హక్కు లేదు.

నేను అప్పుడు చెప్పిన సాక్ష్యంలో సగమే ఉంది. మిగిలిన సగం ఇది. ఈ ఏడాది మీ సంఘాలలో యాత్రకు పూనుకునే పెద్దలు, బస్సులు మాట్లాడే ముందు, వంటవారిని కుదిర్చే ముందు, ఆ పిల్లవాడు నన్ను అడిగిన ప్రశ్నను తమను తాము అడుగుకోవాలని నా మనవి.

మీ సహోదరుడు,
ఒక సంఘ పెద్ద, బరంపురం