ఇది వింటే ఎన్ని పాయింట్లు?

మా అక్క కూతురు మూడో తరగతి. సంక్రాంతి సెలవుల్లో దానికి ఓ కథ చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపి అడిగింది: "మామయ్యా, ఇది వింటే ఎన్ని పాయింట్లు?"

వాళ్ల బళ్లో హోంవర్క్ చేస్తే నక్షత్రాలు, క్విజ్ గెలిస్తే బ్యాడ్జి, గోడమీద లీడర్‌బోర్డు. నవ్వొచ్చింది గానీ ఎక్కువసేపు నవ్వలేకపోయాను. ఓ చదువుల యాప్‌లో రాత్రి తొమ్మిదింటికి "నీ స్ట్రీక్ తెగిపోతోంది" అని పిల్లల్ని బెదిరించే కోడ్ రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఎక్కాల బట్టీకి కాస్త ఆట కలిపితే తప్పేంటి అంటారు. తప్పేం లేదు. మార్కులూ ర్యాంకులూ మాత్రం పాయింట్లు కావా? మా ఇంటర్ రోజుల్లో ర్యాంకుని బట్టి సెక్షన్లు మార్చేవాళ్లు. దానికంటే ఈ నక్షత్రాలే నయం.

కానీ 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అచ్చువేసిన ప్రయోగం ఒకటుంది. బొమ్మలు గీయడమంటే అప్పటికే ఇష్టమున్న నర్సరీ పిల్లల్లో కొందరికి, గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. మిగతావాళ్లకి ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత తమంతట తాము గీసుకునే వీలిచ్చి చూస్తే, సర్టిఫికెట్ కోసం గీసినవాళ్లు మిగతావాళ్లలో దాదాపు సగం సేపే గీశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ల ఇష్టం మాత్రం తగ్గలేదు. అంటే చెడగొట్టింది బహుమతి కాదు, బేరం. ఇష్టమే లేని ఎక్కాల సంగతి వేరు, అక్కడ పోయేదేం లేదు. కథ దగ్గర పోయేది ఉంది.

ఇంకో చిక్కు. బెర్నార్డ్ సూట్స్ 1978లో 'ది గ్రాస్‌హాపర్' అనే పుస్తకంలో ఆటకి ఓ నిర్వచనం ఇచ్చాడు: అవసరం లేని అడ్డంకుల్ని ఇష్టపడి దాటబోవడం. ఆ 'ఇష్టపడి' దగ్గరే నేను ఆగిపోతాను. వీధిలో "నేనాడను, పో" అని ఇంటికెళ్లిపోవచ్చు. తరగతిలో వెళ్లనిస్తారా? లీడర్‌బోర్డులో చివరి పేరున్న పిల్లాడు ఆటలోంచి తప్పుకోలేడు, ఊరికే అక్కడ వేలాడుతుంటాడు.

చదువుకి ఆట అతికించడం కొత్తేం కాదు. వైకుంఠపాళి నీతి నేర్పడానికే. మా అమ్మమ్మ వాళ్లింట్లో ఎన్ని వేసవులు ఆడామో. నిచ్చెనల దగ్గర రాసిన సుగుణాల పేర్లు ఒక్కటంటే ఒక్కటి గుర్తులేదు. పైన కాచుకుని ఉండే పెద్దపాము మాత్రం గుర్తుంది.

"పాయింట్లేం లేవు" అన్నాను. "అయితే ఇంకెన్ని పేజీలున్నాయి?" అంది.

సెలవులయ్యాక ఆఫీసులో ఆ తొమ్మిదింటి నోటిఫికేషన్ తీసేద్దామని అడిగాను. డేటా చూపించమన్నారు.