శాలువాకి బదులు స్పానర్

మథురాకాటి, ఖరగ్‌పూర్

మేనల్లుడికి,

నీ ఉత్తరం అందింది. జనవరి 14న మాజీ సైనికుల దినోత్సవం నాడు మన పేటల్లోని ఎక్స్‌సర్వీస్‌మన్లందరినీ పిలిచి, మీ కుర్రాళ్ళ బైకులతో ఊరేగింపు తీసి, చివర శాలువాలు కప్పుదామనుకుంటున్నామని రాశావు. మన సైన్యానికి మొదటి భారతీయ అధిపతి కరియప్ప 1953లో ఆ రోజునే పదవీ విరమణ చేశారు, అందుకే ఆ తేదీ. సంక్రాంతి రోజుల్లో, పిల్లాపాపలంతా ఇళ్ళకు చేరే వేళ, నీకీ ఆలోచన రావడం నాకెంతో నచ్చింది. పద్ధతి మాత్రం మార్చమంటాను.

శాలువా కప్పించుకున్నాయన ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మళ్ళీ ఒంటరిగానే కూర్చుంటాడు. మర్నాటి నుంచి ఆయనతో ఎవరికీ పనుండదు. యుద్ధంలో తగలని దెబ్బ కొందరికి ఆ ఒంటరితనంలో తగులుతుంది. పదిహేను, పదిహేడేళ్ళు ఒక దళంలో బతికిన మనిషి అతను. పక్కవాడు నిద్రపోవాలంటే తను మేలుకోవాలి, తను బతకాలంటే పక్కవాడు తన పని సరిగ్గా చెయ్యాలి. నలభై నిండీ నిండకుండానే పెట్టె సర్దుకుని వచ్చేస్తే మాజీ సైనికుల కోటాలో ఇక్కడ రైల్వే ఉద్యోగం దొరకొచ్చు. జీతం, క్వార్టరు, అన్నీ ఉంటాయి. తన మీద ఆధారపడే ఆ పక్కవాడు ఉండడు. అర్ధరాత్రి లేచి గేటు తాళం మళ్ళీ చూసుకునేవాళ్ళను, పెళ్ళిలో టపాసులు పేలగానే విస్తరి ముందు నుంచి లేచిపోయేవాళ్ళను మన వీధుల్లో నువ్వూ చూసే ఉంటావు.

నీకు బళ్ళంటే ప్రాణం కాబట్టి ఆ దారిలోనే చెబుతాను. యుద్ధపు రన్‌వేలు పందేల దారులైన కథ అది. 1944లో మన సలువా, దుధ్‌కుండీ, పియార్‌డోబా, చాకులియా రన్‌వేల మీద నుంచి అమెరికా వాళ్ళ బి-29 బాంబర్లు లేచేవి. వాటన్నిటినీ నడిపించిన కార్యాలయం మన హిజ్లీ జైలు భవనంలోనే ఉండేది. ఇంగ్లండులోనూ అలాంటి రన్‌వేలు ఎన్నో ఉండేవి, యుద్ధం కాగానే ఖాళీ పడ్డాయి. కార్ల పందేలు వాటి మీదికి చేరాయి. సిల్వర్‌స్టోన్ 1943లో తెరిచిన వైమానిక స్థావరం. 1948లో అక్కడ బ్రిటిష్ గ్రాండ్ ప్రీ జరిగింది, 1950లో ప్రపంచ చాంపియన్‌షిప్ తొలి పందెమూ అక్కడే. మద్రాసు దగ్గర షోళవరంలో పందేలు జరిగిందీ యుద్ధకాలపు రన్‌వే మీదే.

ఆ పందేల్లోకి వచ్చినవాళ్ళను చూడు. టోనీ రోల్ట్ అనే బ్రిటిష్ సైన్యాధికారి జర్మన్ల చేతికి చిక్కి కోల్డిట్జ్ కోటలో ఖైదీగా ఉన్నాడు. తప్పించుకోవడానికి అక్కడి ఖైదీలు అటక మీద రహస్యంగా గ్లైడర్ కట్టారు, ఆ పనిలో ఇతనికీ భాగముంది. 1953లో అతను నౌకాదళ పైలట్‌గా పనిచేసిన డంకన్ హామిల్టన్‌తో కలిసి లె మాన్ 24 గంటల పందెం గెలిచాడు. అమెరికన్ జాన్ ఫిచ్ కూడా యుద్ధ విమానం నడిపి, కూలి, ఖైదీ అయినవాడే. తర్వాత రేసర్ అయ్యాడు. 1955 లె మాన్‌లో అతని జోడీ డ్రైవర్ కారు జనం మధ్యకు దూసుకుపోయి, ఆ డ్రైవరూ ఎనభై మందికి పైగా ప్రేక్షకులూ చనిపోయారు. ఫిచ్ ఆ తర్వాత తన తెలివినంతా ప్రాణాలు కాపాడటం మీద పెట్టాడు. రహదారుల పక్కన వాహనాలు గుద్దుకున్నా మనుషులు బతికేలా ఇసుక నింపిన పీపాల అడ్డు కనిపెట్టాడు. అతని జీవితంలో నాకన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే.

యుద్ధం నుంచి వచ్చినవాళ్ళను బళ్ళ దగ్గరికి చేర్చే పనిని మన కాలంలో తెలిసి చేస్తున్నవాళ్ళున్నారు. బ్రిటన్‌లో 2012లో మొదలైన మిషన్ మోటార్‌స్పోర్ట్ అనే సంస్థ గాయపడిన సైనికులను పందెం జట్లలో చేర్చుకుని, పని నేర్పి, మోటారు పరిశ్రమలో ఉద్యోగాలకు దారి చూపిస్తోంది. రేస్‌టురికవరీ అనే జట్టులో అఫ్గానిస్తాన్‌లో కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళుండేవారు. 2013లో వాళ్ళ బండి ఒకటి డకార్ ర్యాలీ పూర్తిచేసి చిలీలోని శాంటియాగో చేరింది.

వేగం వల్ల ఆ దెబ్బ నయమవుతుందని నేననుకోను. బండి చుట్టూ ఉండే పని వల్ల అవుతుంది. చక్రం బిగించినవాడి చేతిలో డ్రైవరు ప్రాణం ఉంటుంది, అది ఇద్దరికీ తెలుసు. పక్కపక్కన కూర్చుని కార్బురేటర్ విప్పుతున్నప్పుడు, ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఎన్నటికీ రాని మాట తనంతట తనే వస్తుంది. మన రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరి మిస్త్రీగా దిగిన ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఒంటరిగా వచ్చిన మన తాతలకు ఇక్కడ అన్నదమ్ములను ఇచ్చింది ఆ వర్క్‌షాపు గ్యాంగులే.

అందుకని ఊరేగింపు మానేసి చిన్న ర్యాలీ పెట్టు. లోధాశులి మీదుగా ఝార్‌గ్రామ్ దాకా, సాల్ అడవి దారి. రేసు వద్దు. టైమ్-స్పీడ్-డిస్టెన్స్ పద్ధతిలో పెట్టు, ముందు చేరినా ఆలస్యంగా చేరినా పాయింట్లు పోతాయి, చట్టం చెప్పిన వేగం దాటాల్సిన పనే ఉండదు. పక్కన కూర్చుని దారి చెప్పే నావిగేటర్‌కి కాలుతో పనిలేదు. చూపు లేనివాళ్ళు బ్రెయిలీ రోడ్ బుక్కుతో నావిగేటర్లుగా కూర్చునే ర్యాలీలు మన దేశంలోనే జరుగుతున్నాయి. సైన్యంలో సిగ్నల్స్‌లో పనిచేసినాయనకు రేడియో, మ్యాపు అప్పగించు. సైన్యంలో బళ్ళ మరమ్మతులు చూసే ఈఎంఈ నుంచి వచ్చినాయన బళ్ళ తనిఖీ చూస్తాడు. ఆయన కాదంటే ఏ బండీ కదలకూడదు, నీ బండైనా సరే. ఐఐటీలో టీమ్‌కార్ట్ కుర్రాళ్ళు ఫార్ములా స్టూడెంట్ పోటీలకు కారు కడుతుంటారు, వాళ్ళనూ కలువు. ఇంజన్లతో బతుకు గడిపిన హవల్దారు పక్కన నిలబడితే వాళ్ళకూ మేలే.

జాగ్రత్తలూ చెప్పాలి. సైలెన్సర్లు పీకిన బళ్ళు రానివ్వకు, ఆ పేలుడు శబ్దం నీకు సరదా, యుద్ధం చూసినాయనకు కాదు. యుద్ధం కథలు అడగొద్దు, చెబితే విను. మందు వద్దు. పోలీసు అనుమతి లేకుండా బండి బయటికి తియ్యొద్దు. ఎవరికైనా రాత్రుళ్ళు నిద్ర లేకపోతే, బతకాలని లేదని నోట వస్తే, ర్యాలీ దానికి మందు కాదు. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కి నువ్వే పక్కన కూర్చుని ఫోన్ చేయించు, డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళు.

ఇంకొకటి. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం నిబంధన ప్రకారం, అందులో చేరినవాళ్ళలో పాతిక శాతానికి మించి సైన్యంలో కొనసాగరు. మిగిలినవాళ్ళు నాలుగేళ్ళకే ఇంటికొస్తారు, నీ ఈడు వాళ్ళు, నీకంటే చిన్నవాళ్ళు. వాళ్ళు వచ్చేసరికి నీ బృందం నిలబడి ఉండాలి, ఏడాదికొక పండగలా కాదు, ప్రతి ఆదివారం షెడ్డు తెరిచి ఉండాలి.

శాలువాలకు పోగుచేసిన డబ్బుతో మంచి స్పానర్ సెట్టు, హెల్మెట్లు కొను. పిలవబోయేవాళ్ళ పేర్లు రాసి నాకు పంపు. ప్రతి పేరు పక్కన ఆయనకు ఏ పని అప్పగిస్తున్నావో కూడా రాయి.

ఆశీస్సులతో,
మీ మావయ్య