సూత్రగ్రాహి శ్రమ, యజమాని ఫలం

గోదావరి గౌతమీ, వసిష్ఠా పాయల నడుమ విస్తరించిన కోనసీమలోని అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నుంచి విజయవాడకో విశాఖపట్నానికో వెళ్లి, అయిదేళ్ల బి.ఆర్క్. చదువు ముగించి, విదేశాల్లోని ఆర్కిటెక్టుల కార్యాలయాల్లో ఇంటర్నుగా, అంటే అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచేస్తూ నేర్చుకొనే సహాయకుడిగా, చేరే పట్టభద్రుల విషయంలో వీసా, జీతం వంటి లౌకిక చింతల వెనుక ఒక ధర్మప్రశ్న ఉంది. ఇంటర్ను గీసిన డ్రాయింగు, చేసిన నమూనా, సరిచూసిన కొలత చివరికి కట్టడంగా రూపుదాల్చినప్పుడు దానిపై మరొకరి పేరు నిలుస్తుంది. ఆ కర్మఫలం న్యాయంగా ఎవరిది, చేసినవారికి మిగిలేది ఏమిటి?

ఈ ప్రశ్నకు ముందు, సముద్రం దాటడమే దోషమా అన్న పాత సందేహాన్ని తీర్చుకోవాలి. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనహేతువుల్లో చేర్చినా, దానికి మూడేళ్ల ప్రాయశ్చిత్తం చెప్పింది కనుక తిరిగి వచ్చేవారికి దారి మూయలేదు. కలివర్జ్యాలు, అంటే కలియుగంలో విడిచిపెట్టవలసినవిగా తరువాతి నిబంధకారులు లెక్కించిన ఆచారాలు, మరింత కఠినమై, ప్రాయశ్చిత్తం చేసుకున్న ద్విజుణ్ణి కూడా తిరిగి చేర్చుకోరాదన్నాయి. అయితే గౌతమి ముఖద్వారానికి చేరువలోని కోరంగి రేవు నుంచి బర్మాకు ఎంతగా రాకపోకలు సాగాయంటే, అక్కడి తెలుగువారికి ఆ రేవు పేరే స్థిరపడింది. మన కాలంలో ఇదే సీమ నుంచి గల్ఫ్ దేశాలకు సాగుతున్న వలస ఆ నిషేధాన్ని ఆచరణలో ఎప్పుడో దాటేసింది. నిషేధానికి మూలం నీటిపై భయం కన్నా నిత్యకర్మలకు భంగం కలుగుతుందన్న శంక అని గ్రహిస్తే, విచారించవలసింది ప్రయాణాన్ని కాదు, అవతలి ఒడ్డున చేసే పని స్వభావాన్ని.

ఆ విచారణకు పూర్వమీమాంస, అంటే వేదవిధుల అర్థాన్ని తర్కంతో నిర్ణయించే శాస్త్రం, పదునైన సాధనాన్ని ఇస్తుంది. యజ్ఞంలో హవిస్సు వేల్చేదీ మంత్రం పలికేదీ ఋత్విక్కులే, అంటే యజ్ఞం నడిపే పురోహితులే, అయినా, స్వర్గాది ఫలం మాత్రం వారిని నియోగించిన యజమానికే చెందుతుందని మీమాంసా సూత్రకారుడు జైమిని సిద్ధాంతం. పని ఒకరు చేయగా ఫలం మరొకరికి ఎలా చేరుతుందన్న శంకకు సమాధానం దక్షిణ: మీమాంసకుల దృష్టిలో అది కానుకా కాదు, దానమూ కాదు, ఋత్విక్కుల సేవకు యజమాని చెల్లించే క్రయమూల్యం. ఆ మూల్యం చెల్లినందువల్లనే వారి శ్రమ యజమాని శ్రమగా లెక్కకు వస్తుంది. ఈ నియమానికి మరో ముఖం సత్రయాగంలో కనిపిస్తుంది. పదిహేడుగురికి తగ్గకుండా, ఇరవైనలుగురికి మించకుండా కలిసి చేసే ఆ యాగంలో ఋత్విక్కులే యజమానులు కనుక దక్షిణ ఉండదు, ఫలం అందరిదీ అవుతుంది. అంటే ఫలాన్ని వదులుకున్నవారికి మూల్యం దక్కాలి, మూల్యం లేనిచోట ఫలంలో భాగం దక్కాలి. రెండూ లేని మూడో పద్ధతికి ఈ తర్కంలో చోటు లేదు.

ఈ పోలికలో కార్యాలయాధిపతి యజమాని, ఇంటర్ను ఋత్విక్కు; కానీ ఇంటర్ను ఋత్విక్కు మాత్రమే కాదు, శిష్యుడు కూడా అన్నది ఇక్కడ ఎదురయ్యే ఆక్షేపణ. దక్షిణాది వాస్తుగ్రంథమైన మయమతం నిర్మాణంలో పనిచేసేవారిని స్థపతి (ప్రధాన శిల్పి), సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి అని నాలుగు తెగలుగా చెబుతూ, కొలతలు తెలిసి స్థపతి ఆజ్ఞను అనుసరించే సూత్రగ్రాహి అతని కుమారుడో శిష్యుడో అయి ఉంటాడని అంటుంది. శిష్యుడు దక్షిణ పుచ్చుకోడు, తానే గురుదక్షిణ ఇస్తాడు. ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషి 1951లో పారిస్‌లో ఆర్కిటెక్టు లె కార్బూజియే కార్యాలయంలో చేరి మొదటి ఎనిమిది నెలలు జీతం లేకుండా పనిచేయడం ఈ పద్ధతికి చేరువైనదే. ఆయన కార్బూజియేను జీవితాంతం గురువుగానే భావించారు, స్వదేశంలో 1962లో అహమ్మదాబాద్‌లో ఆర్కిటెక్చర్ పాఠశాలను స్థాపించారు, 2018లో ఆర్కిటెక్టులకిచ్చే ప్రిట్జ్‌కర్ పురస్కారం అందుకున్నారు.

అయితే శిష్యత్వం ఒప్పుకున్నవారిపై అధ్యాపన బాధ్యత పడుతుంది. గురువు విద్యను దాచకూడదు, శిష్యుడి కాలాన్ని కేవలం చాకిరీకి వాడుకోకూడదు. ఒక కార్యాలయం జీతం అడిగినప్పుడు ఇంటర్నును శిష్యుడని, నేర్పమన్నప్పుడు ఉద్యోగి అని అంటే, రెండు సంబంధాల లాభాన్నీ తీసుకొని రెండింటి బాధ్యతనూ తప్పించుకున్నట్టే. బ్రిటన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రిటిష్ ఆర్కిటెక్ట్స్ 2011లో తన గుర్తింపు గల కార్యాలయాలు విద్యార్థులకు కనీస వేతనమైనా చెల్లించాలని నియమం పెట్టింది. ఆ నియమానికి ఆధారం కార్మికన్యాయమే అయినా, దక్షిణ లేనిదే శ్రమ బదిలీ కాదన్న మీమాంస నిర్ణయానికి అది ఎంతో దగ్గర.

ఫలాపేక్ష లేని కర్మను గీత బోధిస్తుంది కదా, జీతం గురించీ పేరు గురించీ ఈ తర్కం ఎందుకన్న ప్రశ్న సహజమే. నిష్కామకర్మ కర్త తన మనస్సును తాను తీర్చుకొనే మార్గం. ఇతరుల నిష్కామతను తన లాభంగా మలచుకోవడానికి యజమానికి అది అనుమతిపత్రం కాదు. ఇంటర్ను కీర్తిని ఆశించకపోవడం అతని సాధన, మూల్యం చెల్లించడం యజమాని ధర్మం. ఒకరి సాధన మరొకరి బాకీని రద్దు చేయదు.

ఫలం యజమానిదీ మూల్యం ఇంటర్నుదీ అయ్యాక కూడా ఎవరికీ బదిలీ కానిది ఒకటి మిగులుతుంది, అదే సంస్కారం. సంస్కారం అంటే ఒక వస్తువునుగానీ వ్యక్తినిగానీ తరువాతి కార్యానికి యోగ్యం చేసే మార్పు. గీసిన చేతికీ చూసిన కంటికీ అబ్బిన ఆ యోగ్యతను ఏ ఒప్పందమూ లాక్కోలేదు. ఆ సంస్కారంతో పాటు ఋణం కూడా వస్తుంది. బ్రాహ్మణుడు ఋషులకు, దేవతలకు, పితరులకు ఋణపడి పుడతాడని, ఋషిఋణం బ్రహ్మచర్యంతో, అంటే విద్యాభ్యాసంతో, తీరుతుందని తైత్తిరీయ సంహిత చెబుతుంది; నేర్చినదాన్ని ఇతరులకు ప్రవచించడంలో ఏమరుపాటు తగదని అదే శాఖ ఉపనిషత్తు చదువు ముగించిన శిష్యుణ్ణి హెచ్చరిస్తుంది. ఆ విద్యతో స్వస్థలానికి తిరిగి వచ్చేవారికి, కట్టేముందు నేలను పరీక్షించాలన్న వాస్తుశాస్త్ర విధి, వరద ముంపుకు లోనయ్యే లంకల్లో, తుఫానుల తీరంలో, వానను ఇంటి నడిమికి దించుకొనే మండువా లోగిళ్ల సీమలో, పరదేశపు నైపుణ్యాన్ని యథాతథంగా దించరాదని గుర్తుచేస్తుంది. కానీ స్వస్థలానికి రావడం ఒక్కటే ఆ ఋణాన్ని తీర్చదు, దూరాన ఉండటం ఒక్కటే దాన్ని ఎగవేయదు. నేటి సూత్రగ్రాహి రేపు స్థపతి అయి, అమలాపురంలోగానీ లండన్‌లోగానీ మొదటి ఇంటర్నును చేర్చుకున్నప్పుడు, అతనికి మూల్యం చెల్లించి, విద్య దాచకుండా నేర్పి, తన పేరున నిలిచే కట్టడంలో అతని శ్రమ ఎంత ఉందో బాహాటంగా ఒప్పుకుంటే, పొందిన విద్యకు లెక్క అక్కడ సరిపోతుంది.