‘తగినంత’ : రుచి తీర్పులోని నైతికత – ఖిలా వరంగల్ వంటింటి సంభాషణల నేపథ్యం

ఉపోద్ఘాతం

ఖిలా వరంగల్ అనగానే నాలుగు కీర్తితోరణాలు, స్వయంభూ దేవాలయ శిథిలాలు, ఖుష్ మహల్, ఏకశిల గుట్ట స్ఫురిస్తాయి. కాకతీయుల రాజధానిగా చరిత్రకెక్కిన ఈ కోట నిర్జన స్మారకం కాదు. ప్రాకారాల నడుమ ఇళ్ళున్నాయి, పొలాలున్నాయి, పొయ్యిలున్నాయి. పనులు తీరిన వేళ గడపల మీద కూర్చున్న ఇల్లాళ్ళ మాటలు సహజంగానే ఆ పూట వంట మీదికి మళ్ళుతాయి. “జర ఉప్పు తక్కువ పడ్డది గదా అక్కా”, “పులుసు తియ్యగైంది వదినా”, “మా తల్లిగారింట్ల పులుసుల బెల్లం ఎయ్యరు” వంటి వాక్యాలు ఆ సంభాషణల్లో నిత్యం దొర్లేవే. వీటిని కాలక్షేపంగా కొట్టివేయడం తేలిక. అయితే వీటిలో ప్రతి ఒక్కటీ ఒక తీర్పు. తీర్పు ఉన్నచోట ప్రమాణం, అధికారం, బాధ్యత అనే మూడు ప్రశ్నలు తప్పవు. ఒకరి వంట రుచిని గురించి మరొకరు చెప్పే మాట సొంత ఇష్టాన్ని వెల్లడించడమా, సత్యాసత్యాలకు లోబడే వాక్యమా, మంచిచెడ్డలు వర్తించే చర్యా అన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

ఈ ప్రశ్నకు లోకవ్యవహారంలో రెండు సమాధానాలున్నాయి. ఒకటి ‘పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి’ అనే సామెత. రుచి ఎవరిది వారిదే కనుక వాదం అనవసరమని దాని సారం. రెండవది ‘పద్ధతి ప్రకారం వండితే ఇట్లాగే ఉండాలి’ అనే నిశ్చయం. మొదటిది తీర్పును అసాధ్యం చేస్తుంది. రెండవది అవతలివారి నాలుకను లెక్కచేయదు. ఈ రెంటికీ నడుమ తెలుగు వంటింటి భాష తానే ఒక భావనను నిర్మించుకుంది. అది ‘తగినంత’.

కొలతలో మనిషి

చిటికెడు, గుప్పెడు, చారెడు, దోసెడు అన్న మాటలు పరిమాణంతోపాటు కొలిచిన చేతిని కూడా సూచిస్తాయి. ఓరుగల్లు సాహిత్యస్మృతిలోనే దీనికి సాక్ష్యం ఉంది. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీథుల్లో తిరుగుతారు. ఆ సందర్భంలో పూటకూటి ఇంట రూకకు దొరికే భోజనం వర్ణితమైంది. మేలైన అన్నం, గోధుమ పిండివంట, పెసరపప్పు, నంజుళ్ళు, పెరుగులతోపాటు పంచదార కూడా ఆ విస్తరిలో ఉంది. దాని కొలత గుప్పెడు. ధర నిర్దిష్టంగా రూకల్లో చెప్పిన చోటే తీపి కొలత చేతికి విడిచిపెట్టడం గమనార్హం.

గుప్పెడైనా చేతిలో పడుతుంది. ‘తగినంత’ అదీ కాదు. తెలుగు వంట పుస్తకాల్లో అన్ని దినుసులకూ కొలతలిచ్చి ఉప్పు దగ్గరికి వచ్చేసరికి ‘తగినంత’ అనడం పరిపాటి. ఇది రాసినవారి అలక్ష్యం కాదు. తోటకూర పచ్చిగా ఉన్నప్పుడు గిన్నె నిండా కనిపించి, మగ్గిన తరువాత గుప్పెడవుతుంది. మొదటి రాశిని చూసి ఉప్పు వేసినవారి కూర ఉప్పుకషాయమవుతుంది. చింతపండు పులుపు ఏడాదికీ ఏడాదికీ మారుతుంది. జొన్నరొట్టెలో నంజుకునే కూరకూ, అన్నంలో కలుపుకునే కూరకూ ఒకే ఉప్పు సరిపడదు. ఇన్ని చరాల మధ్య ఒక స్థిర సంఖ్యను ఇవ్వడమే అశాస్త్రీయం. తగినంత అన్నది కొలత లేకపోవడం కాదు. సందర్భాన్ని చూసి కొలతను నిర్ణయించే బాధ్యతను వండేవారికి అప్పగించడం.

అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో మధ్యమమార్గాన్ని వివరించడానికి తిండినే ఉదాహరణగా తీసుకోవడం కాకతాళీయం కాదనిపిస్తుంది. పది మినాల ఆహారం ఎక్కువ, రెండు మినాలు తక్కువ అయితే లెక్క ప్రకారం మధ్యమం ఆరు. అయితే ఆ ఆరు మల్లయోధుడు మైలోకు చాలదు, సాధన కొత్తగా మొదలుపెట్టినవానికి అధికం. కాబట్టి వస్తువులోని మధ్యమం వేరు, మనిషిని బట్టి ఏర్పడే మధ్యమం వేరు. ‘తగినంత’లోని ‘తగు’ ధాతువు ఈ రెండవదాన్నే చెబుతుంది. తగినది ఎప్పుడూ ఎవరికో తగినదే.

దోషం, ఇష్టం, తగుదనం

రుచి విషయంలో తీర్పు సాధ్యమా అన్న చర్చలో 18వ శతాబ్దపు యూరపు తత్త్వవేత్తలు ఇద్దరు తరచూ ప్రస్తావనకు వస్తారు. హ్యూమ్ 1757లో ప్రచురించిన వ్యాసంలో డాన్ క్విక్సోట్ నవలలోని ఒక కథను ఎత్తుకున్నాడు. ద్రాక్షసారాయి రుచి చూసిన ఇద్దరిలో ఒకడు తోలు వాసన ఉందంటాడు, మరొకడు ఇనుము రుచి ఉందంటాడు. అందరూ నవ్వుతారు. పీపా ఖాళీ చేస్తే అడుగున తోలుపట్టీ కట్టిన తాళంచెవి కనిపిస్తుంది. నిశితమైన నాలుక వాస్తవాన్ని పట్టగలదని హ్యూమ్ ఉద్దేశం. కాంట్ 1790 నాటి తన గ్రంథంలో దీనికి భిన్నంగా, ఇంపైనదానికీ అందమైనదానికీ మధ్య గీత గీశాడు. నాలుకకు ఇంపైన మద్యాన్ని గురించి ‘ఇది నాకు ఇంపు’ అనడమే న్యాయమని, అందరి సమ్మతినీ కోరే అర్హత సౌందర్యం గురించిన తీర్పుకే ఉందని అతని వాదం.

వంటింటి సంభాషణను జాగ్రత్తగా వింటే ఈ ఇద్దరి విభజనా చాలదని తెలుస్తుంది. అందులో మూడు రకాల వాక్యాలున్నాయి. ‘పోపు మాడింది’, ‘శనగపిండి పచ్చివాసన పోలేదు’, ‘పాకం ముదిరింది’ అన్నవి దోషవాక్యాలు. అరిసెల పాకాన్ని నీళ్ళలో వేసి ఉండ కడుతుందో లేదో చూసే పరీక్ష ఎవరు చేసినా ఒకటే. హ్యూమ్ చెప్పిన తాళంచెవి ఇక్కడ పీపా అడుగున దొరుకుతుంది. ‘నాకు చారులో మిరియం ఘాటే ఇష్టం’ అన్నది ఇష్టవాక్యం. ఇది కాంట్ విభాగానికి చెందుతుంది. దీనికి ప్రతివాదం లేదు. ‘జ్వరం తగిలి లేచిన పిల్లకు ఈ కారం తగదు’ అన్నది మూడవ రకం. ఇది చెప్పేవారి ఇష్టాన్ని గురించినది కాదు, వంటలో లోపం ఉందనీ చెప్పడం లేదు. ఆ వంటకూ, దాన్ని తినబోయే మనిషికీ ఉన్న సంబంధాన్ని గురించి చెబుతోంది. ఇది తప్పో ఒప్పో కాగలదు. దానికి కారణాలు చూపించవచ్చు. నైతిక విచారానికి చోటిచ్చేది ఈ మూడవ రకమే.

భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో రసాన్ని వివరించడానికి వ్యంజనాల ఉపమానాన్ని ఆశ్రయించాడు. నానా ద్రవ్యాల కలయికతో సిద్ధమైన అన్నాన్ని సుమనస్కులైనవారు ఆస్వాదించినట్లే ప్రేక్షకులు స్థాయిభావాలను ఆస్వాదిస్తారని ఆయన భావం. రుచి ద్రవ్యంలో మాత్రమే లేదు, నాలుకలో మాత్రమే లేదు. తగిన మనసుతో కూర్చున్న భోక్త కూడా అందులో భాగమే. వంటింటి చర్చ కావ్యచర్చకు ఉపమానంగా పనికి వచ్చిందంటే, వంటింటి తీర్పుకు ఆలోచనాత్మకత ముందే ఉన్నదని అర్థం.

తీపిపై తగాదా

ఈ మూడు రకాల వాక్యాలు ఒకదానితో ఒకటి కలిసిపోయినప్పుడు అన్యాయం మొదలవుతుంది. తెలుగునాట దీనికి స్పష్టమైన ఉదాహరణ పులుసులో తీపి. కోస్తా ప్రాంతపు అనేక ఇళ్ళలో పులుసుకు బెల్లం సహజాంగం. తెలంగాణలో చాలా ఇళ్ళలో అది పొసగదు. ఉద్యోగాల రీత్యా, పెళ్ళిళ్ళ రీత్యా ఈ రెండు అలవాట్లు ఒకే వాకిట్లో కలిసినప్పుడు ‘నాకు అలవాటు లేదు’ అనవలసినచోట ‘పులుసులో బెల్లమేమిటి?’ అన్న ప్రశ్న, ‘కారం తప్ప వేరే రుచి తెలియదా?’ అన్న ఎదురుప్రశ్న వినిపిస్తాయి. ఇష్టవాక్యం దోషవాక్యపు వేషం వేసుకుంది. తెలంగాణ మాటతీరు ఎట్లా చాలాకాలం హాస్యపాత్రలకే పరిమితమైందో తెలుగు పరిశోధకులకు వివరించనక్కరలేదు. ఒక మాండలికాన్ని ‘తప్పు తెలుగు’ అనడంలోనూ, ఒక ప్రాంతపు రుచిని ‘వంట రాకపోవడం’ అనడంలోనూ ఉన్న తార్కిక దోషం ఒక్కటే. ఆ దోషం ఎదురుదిశలో ప్రయోగించినంత మాత్రాన న్యాయం కాబోదు.

‘ఇది మా అనాది రుచి’ అనే సమర్థనకు చరిత్ర పూర్తి బలమివ్వదు. నేడు తెలంగాణ వంటకు గుర్తుగా నిలిచిన మిరప, కాకతీయుల ఓరుగల్లులో లేదు. అమెరికా ఖండాలకు చెందిన ఆ మొక్క పోర్చుగీసుల రాకతో, అంటే కాకతీయ రాజ్యం 1323లో పతనమైన రమారమి రెండు శతాబ్దాల తరువాత, భారతదేశానికి చేరింది. గణపతిదేవుని 1244 నాటి మోటుపల్లి అభయశాసనం సుంకం విధించిన సరుకుల్లో మిరియాలను పేర్కొన్నది. నాటి ఘాటుకు మిరియమూ అల్లమూ ఆధారాలు. బగారన్నంలోని ‘బగార’ పోపు అనే అర్థంలో ఉర్దూ నుంచి వచ్చింది. నేడు వరంగల్ పేరుతో 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన చపాట మిరప సైతం గాఢమైన ఎరుపుకు ప్రసిద్ధమే గాని కారానికి కాదు. అంటే ‘మన రుచి’ అని గర్వంగా చెప్పుకునేదంతా అతిథులుగా వచ్చి ఇంటివారైన దినుసుల కలయిక. ఇది స్థానిక రుచిని తక్కువ చేయదు. తల్లిగారింటి పులుసు జ్ఞాపకం నిజమైనదే, గౌరవింపదగినదే. ఆ జ్ఞాపకం తనను తాను సమర్థించుకోగలదు, ఎదుటివారి పులుసుపై తీర్పు చెప్పే అధికారాన్ని మాత్రం ఇవ్వదు.

వండే చేయి, తినే నాలుక

నైవేద్యం సిద్ధం చేసేటప్పుడు రుచి చూడకూడదన్నది అనేక కుటుంబాల ఆచారం. ఎంగిలి కాకుండా, వాసనతో, రంగుతో, చేతివాటంతోనే ఉప్పును నిర్ణయించాలి. వంట మొత్తానికీ ఇది ఒక విధంగా రూపకం. వండే వ్యక్తి ఎప్పుడూ తనది కాని నాలుక కోసం ఊహించి పనిచేస్తుంది. పైగా అనేక ఇళ్ళలో ఆమె చివర తింటుంది. తన వంట ఎట్లా ఉందో ఇతరుల ముఖకవళికల వల్ల ముందుగా తెలుసుకుంటుంది.

ఈ స్థితిలో ‘ఉప్పు తక్కువైంది’ అనే ఒకే వాక్యం ఇద్దరి నోట రెండు వేర్వేరు చర్యలవుతుంది. ఎన్నడూ పొయ్యి దగ్గర నిలబడని ఇంటి పెద్ద కంచం ముందు ఆ మాట అన్నప్పుడు అది ఫిర్యాదు. దానికి కారణం చెప్పనక్కరలేదు, పరిష్కారంలో పాలు పంచుకోనక్కరలేదు. పొరుగింటి వదిన గడప మీద కూర్చొని అదే మాట అన్నప్పుడు దాని వెంట ‘చింతపండు పులుపు ఎక్కువుంది, అందుకే ఉప్పు తెలుస్తలేదు’ అన్న కారణం ఉంటుంది. ‘కొన్ని నీళ్ళు పోసి మరిగించు’ అన్న ఉపాయం ఉంటుంది. రేపు తన కూర గురించి అదే స్థాయి మాట వినడానికి ఆమె సిద్ధపడే ఉంటుంది. తీర్పు చెప్పేవారు తీర్పుకు లోబడడం, లోపంతోపాటు కారణాన్నీ పంచుకోవడం అనే రెండు నియమాలు ఆ సంభాషణను న్యాయసమ్మతం చేస్తున్నాయి. సంక్రాంతికి సకినాలు చుట్టడానికి ఇరుగుపొరుగు చేతులు కలిసినప్పుడు, పిండి పలుచనైందని చెప్పిన స్త్రీయే బియ్యప్పిండి తెచ్చి కలుపుతుంది.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. నొప్పించే నిజం కన్నా మౌనం మేలు కదా? అతిథిగా ఒక్క పూట తిన్నవారి విషయంలో అది కొంతవరకు నిజమే. అయితే నిత్యం కలిసి వండుకునేవారి మధ్య మౌనం దయ కాకపోవచ్చు. ‘బాగుంది’ అన్న మాటతోనే ఎల్లవేళలా సరిపెట్టడం, అవతలివారి నైపుణ్యాన్ని విమర్శకు నిలబడలేనిదిగా లెక్కగట్టడమే. గౌరవం ఉన్నచోటే సవరణకు తావుంటుంది.

తీపి, ఒంటి మేలు

తీపి విషయంలో ఈ సమస్య మరింత క్లిష్టమవుతుంది. ఉప్పు, పులుపు రుచులుగానే మిగిలిపోతే, తీపి సంబంధానికి గుర్తుగా మారింది. సద్దుల బతుకమ్మ నాడు సత్తుపిండి, మలీద ముద్దలు వాయినంగా పంచుకుంటారు. పంచిన తీపిని కాదనడం పంచిన మనిషిని కాదనడంగా తోస్తుంది. మరోవైపు మధుమేహం నేడు దాదాపు ప్రతి వాడలోనూ పరిచితమైన వ్యాధి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల ప్రకారం ఆహారంలో విడిగా చేరే చక్కెరల శక్తి మొత్తం శక్తిలో 10 శాతానికి మించరాదు. పెద్దలకు రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ఆ సంస్థ సూచన. ఒకే గిన్నెలో వండిన కూరను రక్తపోటు ఉన్న మామ, కూలిపనిలో చెమటోడ్చి వచ్చిన కొడుకు, ఎదిగే పిల్ల తింటున్నప్పుడు ‘తగినంత’ ఎవరికి తగినంత?

దీనికి పాత వడ్డన పద్ధతిలోనే ఒక సూచన ఉంది. విస్తరిలో ఒక మూల ఉప్పు వేయడం పంక్తిభోజనాల సంప్రదాయం. తక్కువైన ఉప్పును తినేవారు కలుపుకోగలరు. ఎక్కువైన ఉప్పును తీయలేరు. ఈ అసమానత నుంచి ఒక నైతిక సూత్రం వస్తుంది. పలువురి తరఫున నిర్ణయం చేయవలసినప్పుడు, సవరించుకునే వీలున్న వైపు పొరపడడం మేలు. తీపికి ఈ వెసులుబాటు తక్కువ. పాకం కుదిరిన తరువాత అరిసె తీపి మారదు. కనుక అక్కడ సవరణ పరిమాణంలో జరగాలి: చిన్న ముద్ద పెట్టడం, కొసరి వడ్డించకపోవడం, వద్దన్నవారి మాటను అవమానంగా తీసుకోకపోవడం. వాయినంలో ఇచ్చిపుచ్చుకోవడమే ముఖ్యం. పుచ్చుకున్నదంతా తినాలన్న నియమం లేదు.

ఈ వాదం వండేవారిపైనే మరింత భారం మోపుతుందన్న అభ్యంతరం సహేతుకమైనది. అందరికీ తగినదాన్ని ఆలోచించే బాధ్యత ఒక్కరిదే అయితే అది నీతి కాదు, చాకిరీ. ‘తగినంత’ అనే మాట వండే వ్యక్తికీ వర్తించాలి. ఆమె కూడా తినేవారిలో ఒకరు. తన ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోకుండా వండిన కూర ఇతరులకు ఎంత రుచించినా, తీర్పులో ఒక నాలుక లోపించినట్లే.

ముగింపు

రుచిని గురించిన సంభాషణలో దోషం, ఇష్టం, తగుదనం అనే మూడు స్థాయిలున్నాయి. మొదటిది రుజువుకు లోబడుతుంది, రెండవది గౌరవాన్ని కోరుతుంది, మూడవది మాత్రమే నైతిక చర్చకు తావిస్తుంది. ‘జిహ్వకో రుచి’ అన్న సామెత రెండవ స్థాయిలో నిజం. మూడవ స్థాయికి దాన్ని పొడిగిస్తే ఇతరుల పట్ల బాధ్యతను తప్పించుకోవడమే అవుతుంది. పద్ధతి పేర సాగే నిశ్చయం మొదటి స్థాయిలో సబబు. రెండవ స్థాయికి దాన్ని పొడిగిస్తే ఆధిక్యభావం అవుతుంది. ఖిలా వరంగల్ గడపల మీద వదినలూ అక్కలూ చేసే చర్చ ఈ సరిహద్దులను పేర్లు పెట్టకుండానే పాటిస్తుంది. ఎదుటివారి గిన్నెలో లోపం చెప్పినవారు లేచి ఆ గిన్నె దగ్గరికి వెళ్తారా లేదా అన్నదే అక్కడ తీర్పుకు పరీక్ష.